సగం వంతు నీళ్ళు

ధర్మపురిలో చిన్నప్పుడు హరికథ విన్న రోజు నుంచి భోజన్నకు ఒక సందేహం ఉండిపోయింది. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి గడప మీద చీల్చి, పేగులు మెడలో వేసుకుని కూర్చున్నాడు. దేవతలకే దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. ప్రహ్లాదుడు మాత్రం వెళ్ళి చేతులు జోడించాడు. అక్కడికి రాగానే హరిదాసు చిడతలు జోరుగా వాయించి గోవింద కొట్టించేవాడు. జనం కొట్టేవారు, భోజన్న కూడా కొట్టేవాడు. కానీ ఇంటికి నడిచి పోతుంటే లోపల ఒక మాట తొలిచేది. చచ్చినవాడు రాక్షసుడే కావచ్చు, ఆ పిల్లవాడికి తండ్రి కదా? నేల మీద నెత్తురు ఆరకముందే వాడికి చేతులెట్లా లేచాయి?

అడిగితే అపచారమేమోనని ఎవరినీ అడగలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, రెండేళ్ళు కరువొచ్చింది, దుబాయ్ అని బయలుదేరి అల్ ఐన్ ఖర్జూరపు తోటలో తేలాడు. శనివారం ఒక్కపొద్దు మానలేదు. సందేహమూ మానలేదు.

ఈ మధ్య చెట్టెక్కినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. పూత కట్టే రోజులు. నడుముకూ మానుకూ కలిపి వేసిన తాడు మీద వెనక్కి వాలి, సంచిలోంచి మగచెట్టు పూరెమ్మలు తీసి, అప్పుడే పగిలిన ఆడపొత్తి మధ్యలో తలకిందులుగా దోపి, ఈనెతో చుట్టి కట్టాలి. మరీ బిగిస్తే పొత్తి విచ్చుకోదు, వదులైతే గాలికి రెమ్మలు రాలిపోతాయి. తెల్లటి పొడి ముఖాన పడి ముక్కు మండుతుంది. తుడుచుకుని కిందికి చూస్తే ఫలజ్ కాలువ కనబడుతుంది. కాలువ నీళ్ళు రెండు తోటలకూ చీలే చోట రాతి గట్టు ఉంది. ఆ గట్టుకే సాలిమ్ తల తగిలింది.

కొట్టింది వెంకట్రాములు. భోజన్న పక్క ఊరివాడు, ఈ తోటలోనే నీళ్ళు కట్టేవాడు, భోజన్నను కాకా అని పిలిచేవాడు. పక్క తోట చూసుకునే సాలిమ్‌తో మాటా మాటా పెరిగి పార కర్రతో ఒక్కటి వేశాడు. సాలిమ్ వెనక్కి పడి ఆస్పత్రిలో కన్నుమూశాడు. కోర్టు అడిగితే, కొట్టానన్నాడు వెంకట్రాములు. మరణశిక్ష వేశారు. ఇక ఒకటే దారి మిగిలింది. చనిపోయినవాడి తండ్రి క్షమించాను అంటే ప్రాణం దక్కుతుంది. గురువారం ఆ తండ్రిని కాజీ ముందుకు పిలిచి ఆఖరి మాట అడుగుతారు.

వెంకట్రాములు బావ పర్శరాములు అల్ ఐన్ ఊళ్ళోనే కట్టుబడి పనిలో మేస్త్రీ. అతనూ భోజన్నా శుక్రవారాలు తోటల వెంట, క్యాంపుల వెంట తిరిగి, ఆ శిక్ష వద్దని అర్జీ మీద జనం చేత వేలిముద్రలు వేయించారు. వేసినవాళ్ళు వేశారు. రాస్ అల్ ఖైమా రాతి క్వారీ నుంచి వచ్చిన ఒకతను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సంపినోడు సావాలె. రేపు నన్నెవడన్న సంపితే, వాని కోసం గూడ గిట్లనే తిరుగుతవా?" అన్నాడు.

భోజన్న అర్జీ కాగితం మడుస్తూ, "ఏమో బిడ్డా, తిరుగుతనేమో," అన్నాడు. అతను నవ్వి వెళ్ళిపోయాడు. అర్జీ ఎంబసీకి చేరింది. అక్కడి గుమాస్తా, ఇది మా చేతుల్లో లేదు, తండ్రి దగ్గరికే పొండి అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ముగ్గురూ బయలుదేరారు. మూడోవాడు హయాత్ బాషా, రాజంపేటవాడు, తోట యజమాని బండి నడుపుతాడు. అరబ్బీ బాగా వచ్చు. దారిలో భోజన్న ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "చావు జరిగిన ఇల్లు. వాళ్ళేది పెట్టినా వద్దనద్దు. వద్దంటే ఎక్కువ తక్కువ చూసినట్టుంటది."

సాలిమ్ తండ్రి పేరు ముసల్లం. ఒమాన్‌లో సలాలా దిక్కు కొండలవాడు. అక్కడ యుద్ధం ముదిరినప్పుడు ఇల్లు వదిలి, ఇక్కడ అల్లుడి పంచకు చేరాడు. సాలిమ్ చూసుకున్న పక్క తోట ఆ అల్లుడిదే. వాకిలి పక్కన మగవాళ్ళు కూర్చునే గదిలో ఒక్కడే ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, మోకాళ్ళ మీద చేతికర్ర. సలాముకు సలాము చెప్పి, చాప మీద కూర్చోబెట్టి, ఎడమ చేత్తో కూజా పట్టుకుని తనే కాఫీ పోశాడు. రెండు గుటకలు పట్టే చిన్న కప్పులు. చక్కెర లేని చేదు కాఫీ, యాలకుల వాసన.

భోజన్న రెండు చేతులా అందుకుని తాగాడు. ఖాళీ కప్పు చాపితే ముసలాయన మళ్ళీ పోశాడు. వద్దనకూడదు కదా. తాగాడు. మళ్ళీ పోశాడు. హయాత్ బాషా కళ్ళతో ఏదో సైగ చేశాడు గానీ భోజన్నకు అర్థం కాలేదు. నుదుట చెమట పట్టేదాకా తాగుతూనే ఉన్నాడు. చివరికి ముసలాయనే కూజా పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

అప్పుడు హయాత్ బాషా గొంతు సవరించుకుని సంగతి ఎత్తాడు. వెంకట్రాములు వయసు, ఇంట్లో తల్లి, పెళ్ళీడుకొచ్చిన చెల్లెలు, అన్నీ చెప్పాడు. పర్శరాములు తలగుడ్డ తీసి నేల మీద పెట్టాడు. ముసలాయన వాళ్ళ ముఖాలు చూడలేదు. వరసగా పెట్టిన ఖాళీ కప్పుల వంక చూశాడు. రెండు మాటలన్నాడు, కర్ర ఆనించి లేచాడు.

"అతిథులుగా వచ్చినారు, తాగినారు, క్షేమంగా పోయి రండి అన్నాడు," అని బయటికొచ్చాక హయాత్ బాషా చెప్పాడు.

వెనక గోడ దగ్గర గుడ్డలు ఆరేస్తున్న మనిషి వీళ్ళ మాటలు విని పరుగున వచ్చింది. గంగాభవాని. అమలాపురం దగ్గర పల్లె. ఆ ఇంట్లో పనిమనిషి.

"తెలుగోళ్ళేనాండీ? ఆ వెంకట్రాముల తాలూకా వచ్చేరా? ఏవన్నాడండీ ముసలాయన?"

"ఏమనలేదమ్మా. కాఫీ పోసిండు, పంపిచ్చిండు," అన్నాడు భోజన్న.

"తాగేరా?" ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "అయ్యో అయ్యో! ఎవరూ చెప్పలేదాండీ? ఏదైనా అడగడానికొచ్చినోళ్ళు కప్పు పుచ్చుకుని కింద పెట్టేత్తారండి. 'నువ్వడిగింది ఇచ్చేను, తాగు' అని ఇంటాయన అంటేనే తాగాలి. తాగేసేరంటే, అడగడానికేం లేదు, ఊరికే చూసి పోదారని వచ్చేరని అర్థం అండి. ఆ కిటికీలోంచి నాలుగేళ్ళుగా చూత్తన్నాను కదా నేను."

హయాత్ బాషా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒక కప్పా అమ్మా! ఈ పెద్దమనిషి కూజాకు కూజా ఖాళీ చేసినాడు. చాలనుకుంటే కప్పు ఊపి ఇయ్యాల. కళ్ళతో ఎంత చెప్పినా వినడే!"

"పానం అడగనీకి పోయి కడుపు నింపుకొని అచ్చినం," అన్నాడు పర్శరాములు. నవ్వబోయాడు, ముఖం వంకర పోయింది.

"రేపు మళ్ళీ రండి అన్నయ్యగారూ," అంది గంగాభవాని భోజన్నతో. "చెడ్డోడు కాదండి. కొడుకు పోయిన కాణ్ణించి సరిగ్గా తినట్లేదు. వాళ్ళ ఊళ్ళో కొబ్బరిచెట్లున్నాయంట, వానలు పడతాయంట. మా ఊరు అలాగే ఉంటాదని చెప్పేనని, అప్పుడప్పుడూ పిలిచి మీ ఊళ్ళో వానెలా పడద్దో చెప్పమంటాడండి. అంతే అడుగుతాడు."

మర్నాడు మళ్ళీ వెళ్ళారు. ముసలాయన మళ్ళీ కాఫీ పోశాడు. భోజన్న కప్పు అందుకుని, కళ్ళకద్దుకుని, చాప మీద తన ముందు పెట్టాడు. పర్శరాములు పెట్టాడు. హయాత్ బాషా పెట్టాడు. ముసలాయన చేతిలో కూజా ఒక క్షణం గాలిలోనే ఆగింది. తర్వాత దాన్ని నెమ్మదిగా దించి కూర్చున్నాడు.

కప్పుల మీద ఆవిరి సన్నగా లేచి ఆగిపోయింది. బయట ఎక్కడో మేక అరిచింది. భోజన్న లోపల్లోపల స్వామి పేరు తలుచుకుంటున్నాడు. ఎంతసేపటికో ముసలాయన నోరు విప్పాడు. హయాత్ బాషా వంగి, వింటూ, తెలుగు చేస్తూ వచ్చాడు.

"నాకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రభుత్వం వైపు తుపాకి పట్టినాడు. నడిపోడు కొండల్లో తిరగబడినోళ్ళతో పోయినాడు. ఇద్దరూ పోయినారు. ఎవరు కాల్చినారో తెలవదు. యుద్ధం అయిపోయిందన్నారు. అందర్నీ క్షమించినాం, ఇండ్లకు రండి అన్నారు. వచ్చినోళ్ళకు జీతాలిచ్చినారు. మంచిదే. ఊరు నెమ్మదైంది. కానీ క్షమించేముందు నన్ను అడిగినారా? నా గడప తొక్కి, నా ముందర కప్పు కింద పెట్టినోడు ఒక్కడు లేడు. నా కొడుకుల్ని చంపినోళ్ళను నాకు చెప్పకుండా ఎవరో క్షమించేసినారు. అప్పటికే మూడోవాణ్ణి ఇక్కడికి తెచ్చేసుకున్నాను. యుద్ధం లేని చోటని."

ముసలాయన గొంతు ఎక్కడా మారలేదు. అతను భోజన్న వంక తిరిగాడు.

"నీకు కొడుకున్నాడా?"

"ఇద్దరున్నరు."

"వాళ్ళలో ఒకణ్ణి నా సాలిమ్ చంపి ఉంటే, నువ్వు క్షమిస్తావా?"

క్షమిస్తానని చెప్పు అన్నట్టు పర్శరాములు మోకాలితో పొడిచాడు. భోజన్న తల వంచుకున్నాడు. వాకిట్లో తిరిగే చిన్నకొడుకు కళ్ళ ముందు కనబడ్డాడు. తండ్రి నెత్తురు ముందు చేతులు జోడించిన పిల్లవాడూ కనబడ్డాడు.

"నాకు ఎరుక లేదు," అన్నాడు. "చాన ఏండ్ల నుంచి గదే సోంచాయిస్తున్న. ఎట్ల చేతులు లేస్తయో నాకు తెల్వది. కానీ నువ్వు వాణ్ణి సంపిస్తే, వాళ్ళవ్వ గూడ నీ లెక్కనే కూసుంటది. గది మాత్రం ఎరుకే."

హయాత్ బాషా చెప్పాడు. ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. తర్వాత ఎవరూ ఎదురుచూడని మాట అడిగాడు. "వాళ్ళెందుకు కొట్లాడుకున్నారు? మాటా మాటా పెరిగిందని కోర్టులో అన్నారు. ఏ మాట?"

ఆ మాట భోజన్నకు తెలుసు. ముందటేడు ఎండాకాలంలో పక్క తోటకు నీళ్ళు చాలకపోతే, వెంకట్రాములు వంతులో సగం సాలిమ్ చేబదులుగా వాడుకున్నాడు. చలికాలంలో తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఒప్పందం జరిగినప్పుడు భోజన్న చెట్టు మీద గెల దించుతున్నాడు, తన చెవులతో విన్నాడు. ఆ వంతు తప్పినందుకు ఇక్కడ కొత్తగా నాటిన పిలకలు ఎండిపోయాయి. యజమాని వెంకట్రాముల్ని తిట్టాడు, జీతం కోశాడు. చలికాలం వచ్చింది, పోయింది. అడిగితే సాలిమ్ నవ్వాడు. ఏ నీళ్ళు? నేనెప్పుడు తీసుకున్నాను? అన్నాడు. అదీ ఆ మాట.

భోజన్న మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. హయాత్ బాషా రెండు ముక్కలు విని, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాట నేను చెప్పనప్పా. చచ్చిన కొడుకు మాట తప్పినాడని తండ్రి మొఖాన ఎట్ట చెప్పేది? ఏమీ లేదు, కుర్రోళ్ళ ఆవేశం అని చెప్తాను."

"అడిగిండు గదా భాయ్."

"నీకు దండం పెడతా అన్నా," అన్నాడు పర్శరాములు. "నువ్వు నోరు మూసుకో."

ముసలాయన ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నాడు. భోజన్న అతని కళ్ళలోకి చూశాడు. అబద్ధం చెప్తే సులువుగా ఒప్పుకునేట్టున్నాయి ఆ కళ్ళు. అందుకే చెప్పడానికి మనసు రాలేదు. తోటలో ఏరుకున్న అరబ్బీ ముక్కలు కూడదీసుకుని, వేళ్ళతో కాలువ గీసి, తనే చెప్పాడు. నీళ్ళు. సగం. సాలిమ్ తీసుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు.

ముసలాయన హయాత్ బాషా వైపు తిరిగాడు. ఇక దాచడానికి వీల్లేక అతను నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాడు.

"ఇంకా ఇవ్వలేదా?" అనడిగాడు ముసలాయన.

"లేదు."

"ఎవరి వల్లా ముట్టలేదా?"

"లేదు."

ముసలాయన లేచాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మూడు కప్పులూ చాప మీద చల్లారిపోయాయి. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడ్డాక అల్లుడు వచ్చి, ఇక వెళ్ళండి అన్నాడు.

సందు మలుపు తిరగ్గానే పర్శరాములు ఆగిపోయాడు. "నిజం జెప్పనీకి గదే జాగ దొరికిందా నీకు? పోయిన పాలి తాగి చెడగొట్టినవ్. గీపాలి మాట్లాడి చెడగొట్టినవ్. రేపెల్లుండి వాణ్ణి సంపుతరు. మా అత్తకు ఏం మొఖం జూపియ్యాలె? నువ్వు పోయి జెప్పు, నీ సత్తెం గురించి!"

పర్శరాములు తలగుడ్డతో కళ్ళు ఒత్తుకుని, ఎటో నడిచి వెళ్ళిపోయాడు. హయాత్ బాషా మాత్రం పక్కనే నడిచాడు. చాలా దూరం పోయాక, "బండెక్కప్పా," అన్నాడు. ఆ రోజు భోజన్న అన్నం ముట్టలేదు. దీపం ముందు కూర్చున్నాడు గానీ ఏమని అడగాలో తెలియలేదు. వాణ్ణి కాపాడు అంటే ఆ తండ్రికి అన్యాయం చేస్తున్నట్టుంది. ఆ తండ్రికి శాంతి ఇవ్వు అంటే వెంకట్రాముల మెడకు తాడు బిగిస్తున్నట్టుంది. స్వామీ అని మాత్రం అనుకున్నాడు.

బుధవారం పొద్దున చెట్టు మీద ఉండగా, ఫలజ్ గట్టు వెంట చేతికర్ర ఊపుకుంటూ ఒక మనిషి రావడం కనబడింది. ముసల్లం. రాతి గట్టు దగ్గర ఆగాడు. కర్రతో ఆ రాయిని ఒకసారి తాకాడు. భోజన్న చేతిలోని పూరెమ్మ జారి కిందపడింది. తాడు సడలించుకుంటూ గబగబా దిగాడు. మోచెయ్యి గీసుకుపోయింది. కింద మట్టలు బండికెత్తుతున్న హయాత్ బాషా అప్పటికే పరుగెత్తాడు.

ముసలాయన ముందుగా నీడకర్ర ఎక్కడుందని అడిగాడు. కాలువ పక్కన నేలలో పాతిన నిలువు కర్ర. దాని నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి చేరేదాకా ఒక తోటవాళ్ళ వంతు. ఇవాళ అల్లుడి తోట వంతని తెలుసుకునే వచ్చాడు. సగం ఏ రాయిదాకా అని భోజన్నను అడిగి, తనే కర్రతో ఆ రాయి మీద కొట్టి చూశాడు. తర్వాత హయాత్ బాషాతో మాట్లాడాడు.

"చచ్చినోడి బాకీ తీరేదాకా వాడి ఆత్మకు విడుదల ఉండదు. అది మా మతంలో మాట. నీకు తెలుసుకదా బాషా?" హయాత్ బాషా తెలుసునని తల ఊపాడు. ఊపి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నిన్న ఆ సంగతి తనకెందుకు తట్టలేదని అతనికి సిగ్గేసింది. ముసలాయన మళ్ళీ అందుకున్నాడు. "ఇన్నాళ్ళూ నా ఇంటికి ఎంతమందో వచ్చినారు. మంచోడు, మంచోడు అన్నారు. వాడికి బాకీ ఉందని ఈయన ఒక్కడే చెప్పినాడు. నాకు తెలీకుండా ఉంటే వాడు అట్లే ఉండిపోయేవాడు."

కాలువ వైపు తిరిగి అన్నాడు. "రేపు కాజీ దగ్గర చెప్తాను. ఆ పిల్లోణ్ణి వాళ్ళమ్మ దగ్గరికి పంపించమంటాను. నన్ను అడిగినారు. నేను ఇచ్చినాను."

హయాత్ బాషా ఆ మాట తెలుగులో చెప్పలేక, భోజన్న భుజం పట్టుకుని ఊపేశాడు. భోజన్న వంగి ముసలాయన కాళ్ళు తాకబోయాడు. ముసలాయన చప్పున వెనక్కి జరిగి, మనుషులకు మొక్కకూడదన్నట్టు వేలు పైకి చూపించాడు. ఆ పైన గట్టు మీద కూర్చుని, కాలువలో అడ్డంగా ఉన్న రాయి చుట్టూ కూరిన గుడ్డపీలికలు ఒక్కొక్కటే లాగాడు. సాయం చెయ్యబోతే వద్దన్నాడు. రెండు చేతులా రాయి పట్టి ఎత్తాడు. ముంజేతుల నరాలు లేచాయి. నీళ్ళు కాసేపు తచ్చాడి, తిరిగి, ఈ తోట వైపు పారాయి.

భోజన్న పార తీసుకుని ముందు నడిచాడు. ఎండిపోయిన పిలకల పాదుల్లోకి మడవ తిప్పాడు. వాటిలో బతికినవి తక్కువ. చాలా పాదుల్లో గోధుమరంగు మోళ్ళే ఉన్నాయి. వాటికి నీళ్ళు దండగ. అయినా భోజన్న ఒక్క పాదూ వదల్లేదు. ఇచ్చేది ఇచ్చిన చోటికే చేరాలి. నెర్రెలిచ్చిన మట్టి బుసబుసమంటూ నీళ్ళు తాగింది, బుడగలు లేచాయి.

చివరి పాదు నిండేసరికి నీడ ఇంకా రాయికి జానెడు దూరంలో ఉంది. భోజన్న తిరిగొచ్చి, "చాలు బాబా," అన్నాడు. "అన్ని నిండినయ్."

ముసలాయన తల ఊపలేదు. "ఇంకా ఉంది," అన్నాడు.

ఈ నీళ్ళు ఆగితే సాలిమ్‌కు ఈ లోకంలో చెయ్యాల్సిన పని ఒక్కటీ మిగలదు. ఆ తండ్రికీ కొడుకు కోసం చెయ్యడానికి ఇంకేం ఉండదు. భోజన్న పార మీద చేతులు ఆనించి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు పాదులు పొర్లి పెద్దచెట్ల మొదళ్ళలోకి పోయాయి. ముసలాయన వాటినే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చదువుతున్నాడో, కొడుకుతో మాట్లాడుతున్నాడో తెలియదు.

నీడ గుర్తురాయిని తాకింది. ముసలాయన కాలువలోంచి తీసిన రాయి మీద చెయ్యి వేశాడు, వేసి అలాగే ఉంచాడు. నీడ గుర్తురాయిని పూర్తిగా కప్పేదాకా ఉన్నాడు. తర్వాత చేతి కింది రాయిని ఎత్తి కాలువలో దించి, తడి పీలికలు ఒక్కొక్కటిగా సందుల్లో కూరాడు. కారుతున్న చివరి సన్నటి ధార కూడా ఆగేదాకా వేలితో అదిమాడు.

"ఖలాస్," అన్నాడు.